లాకప్ దాకా రాని జెనీవా మాట

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లోక్‌సభ, రాజ్యసభ సభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఎంపీ గార్లకు,

నమస్కారం. మీరు మొత్తం అరవై మంది. ఆంధ్ర నుంచి లోక్‌సభకు 25, రాజ్యసభకు 11. తెలంగాణ నుంచి 17, 7. మీలో అధికార పక్షం వాళ్లున్నారు, ప్రతిపక్షం వాళ్లున్నారు, ఈ ఏడాది ఒకవైపు, వచ్చే ఏడాది ఇంకోవైపు ఉండేవాళ్లూ ఉన్నారు. ఈ లేఖ అందరికీ ఒకటే. ఏ ఒక్క పార్టీ మీదా ఫిర్యాదుగా దీన్ని తీసుకోవద్దు. ఈ విషయంలో చేతులు కడుక్కోగలిగిన పార్టీ ఢిల్లీలో ఏదీ లేదు.

నేరుగా విషయానికి వస్తాను. ఐక్యరాజ్యసమితి చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం మీద మన దేశం 1997 అక్టోబర్ 14న సంతకం చేసింది. ఇవాళ్టికీ దాన్ని ధ్రువీకరించలేదు. సంతకం పెట్టడమంటే ఒప్పందంలో చేరే ఉద్దేశం ఉందని చెప్పడం. ధ్రువీకరించడమంటే దానికి కట్టుబడటం. ఈ రెండో పని చేయనంత కాలం చిత్రహింసను ప్రత్యేక నేరంగా చూసే చట్టం తేవాల్సిన బాధ్యత ఆ ఒప్పందం కింద మన మీద పడదు. ఎవరూ వచ్చి లెక్క అడగరు కూడా.

జిల్లా కోర్టుల్లో రిమాండ్ కేసులు చూసే మాలాంటి వకీళ్లు, హక్కుల సంఘాల వాళ్లు దీని గురించి ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. ప్రభుత్వాలు మారాయి గానీ జవాబు మాత్రం మారలేదు: పరిశీలనలో ఉంది, రాష్ట్రాలతో సంప్రదిస్తున్నాం. వినతిపత్రాలతో ఇది కదలదని తేలిపోయింది కాబట్టే ఇప్పుడు మీకు, అందరూ చూసేలా రాస్తున్నాను.

ముందు ఒక చరిత్ర గుర్తు చేయాలి. మానవ హక్కుల విషయంలో అంతర్జాతీయ వేదికల మీద భారత్ మొదటి నుంచీ వెనక బెంచీలో కూర్చున్న దేశం కాదు. 1946లో, ఇంకా స్వాతంత్ర్యం కూడా రాకముందే, దక్షిణాఫ్రికాలో భారతీయులను చూస్తున్న తీరు మీద మన ప్రతినిధి వర్గం సమితి జనరల్ అసెంబ్లీలో ఫిర్యాదు పెట్టింది. దానికి నాయకురాలు విజయలక్ష్మీ పండిట్. అది తమ ఆంతరంగిక వ్యవహారమని, వేలు పెట్టే హక్కు సమితికి లేదని దక్షిణాఫ్రికా ప్రధాని స్మట్స్ వాదించాడు. అసెంబ్లీ ఆ వాదనను పక్కన పెట్టి, డిసెంబర్ 8న మూడింట రెండొంతుల మెజారిటీతో మన తీర్మానాన్ని ఆమోదించింది. ఒక ప్రభుత్వం తన గడ్డ మీద ఉన్న మనుషులను ఎలా చూస్తుందన్నది ప్రపంచం అడగదగిన సంగతేనని ఆ రోజు గెలిపించింది మనమే.

ఆ తర్వాత హంసా మెహతా. విశ్వజనీన మానవ హక్కుల ప్రకటన మొదటి అధికరణలో ‘పురుషులందరూ’ అనే అర్థం వచ్చేలా ఉన్నచోట ‘మానవులందరూ’ అని ఉండాలని పట్టుబట్టి మార్పించిన మన ప్రతినిధి. అదే ప్రకటనలో అయిదో అధికరణ ఎవరినీ చిత్రహింసకు గురి చేయకూడదని చెబుతుంది. దాని కింద 1948 డిసెంబర్ 10న మన ఓటు కూడా ఉంది.

1979లో పౌర, రాజకీయ హక్కుల ఒప్పందంలో చేరాం. 1993లో జాతీయ మానవ హక్కుల కమిషన్ పెట్టుకున్నాం. 2006లో జెనీవాలో మానవ హక్కుల మండలి ఏర్పడితే మొదటి విడతలోనే సభ్యులమయ్యాం. 2025 అక్టోబర్‌లో ఏడోసారి, 2026-28 కాలానికి, పోటీ లేకుండా ఎన్నికయ్యాం. ఇంత పెద్ద పీట వేయించుకున్న దేశం ఇంట్లో ఒక చట్టం చేయడానికి పాతికేళ్లు దాటినా తడబడుతోందంటే ఏమనాలి? కావాలనే చేయడం లేదనుకోవాలా, ఎవరికీ పట్టలేదనుకోవాలా? నా అనుభవం మేరకు రెండోదే నిజం. మీకు రాయడానికి కారణం కూడా అదే. పట్టని పనిని పట్టేలా చేయగలిగింది పార్లమెంటులో ఉన్నవాళ్లే.

పార్లమెంటు ఈ పని అసలు మొదలుపెట్టలేదని కాదు. 2010 మే 6న చిత్రహింసల నిరోధక బిల్లును లోక్‌సభ ఆమోదించింది. నిజం చెప్పాలంటే అది బలహీనమైన బిల్లు. తీవ్ర గాయమో ప్రాణాపాయమో ఉంటేనే చిత్రహింస కింద లెక్క. ఆరు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి. పైగా ప్రభుత్వ అనుమతి లేకుండా కేసు నడవదు. రాజ్యసభ దాన్ని సెలెక్ట్ కమిటీకి పంపింది. అశ్వనీ కుమార్ అధ్యక్షతన ఆ కమిటీ అదే ఏడాది డిసెంబర్‌లో నివేదిక ఇచ్చి చాలా లోపాలు సరిచేసింది. తర్వాత మూడేళ్లకు పైగా బిల్లు కదల్లేదు. 2014లో లోక్‌సభ రద్దు కావడంతో అదీ పోయింది. అప్పుడున్నది యూపీఏ ప్రభుత్వం.

2017 అక్టోబర్‌లో లా కమిషన్ 273వ నివేదిక ఇచ్చింది. ఒప్పందాన్ని ధ్రువీకరించండి, ఇదిగో ముసాయిదా బిల్లు అంటూ అచ్చు వేసి చేతికిచ్చింది. అప్పుడున్నది, ఇప్పుడున్నది ఎన్డీఏ ప్రభుత్వం. అదే అశ్వనీ కుమార్ సుప్రీంకోర్టుకు వెళితే, చట్టం చేయమని పార్లమెంటును మేం ఆదేశించలేమని 2019 సెప్టెంబర్‌లో కోర్టు చెప్పింది. బంతి తిరిగి మీ దగ్గరికే వచ్చింది.

ఇంతలో జెనీవాలో ఏం చెబుతూ వచ్చాం? ప్రతి సభ్య దేశం మానవ హక్కుల రికార్డును మిగతా దేశాలు నాలుగయిదేళ్లకోసారి సమీక్షిస్తాయి. 2008లో మన వంతు వచ్చింది. ధ్రువీకరణ పని జరుగుతోందన్నాం. 2012లో మళ్లీ కట్టుబడి ఉన్నామన్నాం. 2017 మేలో మన అటార్నీ జనరల్ అక్కడ నిలబడి, చిత్రహింస అనే భావనే మన సంస్కృతికి పరాయిదని కూడా చెప్పి వచ్చారు. స్టేషన్ వెనక గదుల్లో ఏం జరుగుతుందో తెలిసిన ఏ తెలుగు కానిస్టేబులైనా ఆ మాట వింటే ఏమనుకుని ఉంటాడో! 2022 నవంబర్ సమీక్షలో చాలా దేశాలు పాత ప్రశ్ననే మళ్లీ అడిగాయి.

ఈ మాట తప్పడం వల్ల విదేశాంగ శాఖ పరువు పోతుందన్నది నా బాధ కాదు. నష్టపోయేది మామూలు జనం. ఎలాగో వరుసగా చెబుతాను.

1. మొదటి దెబ్బ పేదవాడి ఒంటి మీద పడుతుంది. కేంద్ర హోం శాఖ పార్లమెంటులోనే చెప్పిన లెక్క ఇది: 2017 ఏప్రిల్ నుంచి 2022 మార్చి దాకా అయిదేళ్లలో పోలీసు కస్టడీలో 669 మరణాలు. అందులో 2021-22 ఒక్క ఏడాదివే 175. వీటిలో జబ్బు చేసి పోయినవాళ్లు ఉంటారు, ఉరేసుకున్నారని రాసినవాళ్లు ఉంటారు. అన్నీ కొట్టి చంపినవేనని నేను అనడం లేదు. కానీ ఏది ఏమిటో నమ్మకంగా తేల్చే యంత్రాంగం లేదు. ఇంకో సంగతి, ఇవి చనిపోయినవాళ్ల లెక్కలు మాత్రమే. దెబ్బలు తిని బతికి బయటపడ్డవాళ్లను లెక్కపెట్టే రిజిస్టరు ఈ దేశంలో ఎక్కడా లేదు. చిత్రహింస అన్న పేరుతో నేరమే లేనప్పుడు ఆ గణాంకం ఎక్కడి నుంచి వస్తుంది?

స్టేషన్‌కు ఎవరు వెళతారో మీకు నా కంటే బాగా తెలుసు. ఓట్లకు తిరిగేటప్పుడు మీరు చూసే బస్తీలు, తండాలు, ఎస్సీ కాలనీలే. ఇంట్లో బంగారం పోయిందని యజమాని చెబితే పనిమనిషిని పిలుస్తారు. 2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు స్టేషన్‌కు దొంగతనం ఆరోపణ మీద తీసుకొచ్చిన దళిత మహిళ ప్రాణం పోయింది. ఆమె వంటపని చేసి బతికేది. గొడవయ్యాక ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్లను ఉద్యోగంలోంచి తీసేశారు. ఏడాది ముందు తమిళనాడు సాత్తాంకుళంలో, లాక్‌డౌన్ వేళ దాటి సెల్‌ఫోన్ షాపు తెరిచి ఉంచారన్న ఆరోపణతో తండ్రీకొడుకులను తీసుకెళితే ఇద్దరూ బతకలేదు. షాపు మూయడంలో ఆలస్యమైందట!

2. కేసు పెట్టినా శిక్ష పడదు. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2001 నుంచి 2020 దాకా కస్టడీ మరణాలు 1,888 నమోదైతే శిక్ష పడ్డ పోలీసులు 26 మంది. ఇరవై ఏళ్లలో, దేశం మొత్తం మీద. ‘ఉన్న చట్టాలు చాలవా?’ అని అడిగేవాళ్లకు ఈ రెండు అంకెలే జవాబు. భారతీయ న్యాయ సంహితలో 120వ సెక్షన్ ఉంది, నేరం ఒప్పించడానికి గాయపరిస్తే పదేళ్ల దాకా శిక్ష వేయొచ్చు. పాత శిక్షాస్మృతిలో 330, 331 సెక్షన్లు నూట అరవై ఏళ్లుగా అదే చెప్పాయి. కానీ సాక్షి ఎవరు? గదిలో ఉన్నది కొట్టినవాడు, దెబ్బలు తిన్నవాడు. పక్కన మిగిలినవాళ్లంతా మొదటివాడి సహోద్యోగులు. దర్యాప్తు చేసేదీ అదే శాఖ.

అందుకే లా కమిషన్ 1985లోనే, 113వ నివేదికలో, ఒక మార్పు అడిగింది. కస్టడీలో ఉన్న మనిషి ఒంటి మీద గాయం కనిపిస్తే అది ఆ పోలీసు అధికారి చేసిందేనని కోర్టు భావించే వీలుండాలి, కాదని నిరూపించుకోవాల్సిన భారం అతని మీద ఉండాలి. నలభై ఏళ్లయింది. 2023లో సాక్ష్యాల చట్టాన్నే కొత్తగా రాసుకున్నాం, అప్పుడూ ఇది చేర్చలేదు. ఆ బిల్లు సభలోకి వచ్చినప్పుడు మీలో ఎవరు దీన్ని లేవనెత్తారో నాకు కనిపించలేదు.

3. కొట్టి ఒప్పిస్తే అసలు దొంగ దొరకడు. ఇది బాధితుల వైపు నుంచి కూడా ఆలోచించాల్సిన విషయం. ఇల్లు దోపిడీ అయిన కుటుంబానికి కావాల్సింది నిజమైన దొంగ, తమ సొత్తు. థర్డ్ డిగ్రీతో వచ్చేది ఒప్పుకోలు, ఎక్కడో కొన్న నగతో చూపించే ‘రికవరీ’. పోలీసుకు ఇచ్చిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదని మన చట్టమే చెబుతుంది కాబట్టి కేసు చివరికి కొట్టేస్తారు. అప్పటికి నిర్దోషి రెండేళ్లు జైల్లో ఉంటాడు, దోషి ఇంకో ఊళ్లో ఉంటాడు.

4. మేజిస్ట్రేట్ ముందు అడిగే ప్రశ్న తంతుగా మారింది. ‘పోలీసులు కొట్టారా?’ అని అడగడం నియమం. పక్కనే ఎస్కార్ట్ కానిస్టేబుల్ నిలబడి ఉంటాడు. సాయంత్రం మళ్లీ ఎవరితో వెళ్లాలో నిందితుడికి తెలుసు. ‘లేదండీ’ అంటాడు. ఆస్పత్రిలో డాక్టరు చొక్కా విప్పించకుండానే సర్టిఫికెట్ రాసిన సందర్భాలు రిమాండ్ కోర్టుల్లో పనిచేసే ప్రతి వకీలూ చూసి ఉంటాడు. అరెస్టు, రిమాండ్ పద్ధతులు చెప్పే కొత్త చట్టం, నాగరిక సురక్షా సంహిత, వచ్చాక ఇంకో టెన్షన్ మొదలైంది. పదిహేను రోజుల పోలీసు కస్టడీని ఒకే విడతలో కాకుండా నేరాన్ని బట్టి నలభై లేదా అరవై రోజుల్లో ముక్కలు ముక్కలుగా తీసుకోవచ్చు. జైలుకు వెళ్లి ఊపిరి పీల్చుకున్నవాడికి మళ్లీ ఎప్పుడు పిలుపొస్తుందో తెలియదు. చిత్రహింసల వ్యతిరేక ఒప్పందంలో 12వ అధికరణ సత్వర, నిష్పాక్షిక విచారణ జరగాలంటుంది. 10వ అధికరణ పోలీసులకే కాదు, డాక్టర్లకు కూడా శిక్షణ ఇవ్వాలంటుంది. మనకు లోటున్నది సరిగ్గా ఈ రెండు చోట్లే.

5. పరిహారం హక్కుగా రాదు, దయగా వస్తుంది. 1988లో ఒడిశాకు చెందిన నీలాబతి బెహరా అనే తల్లి సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం రాసింది. పోలీసులు తీసుకెళ్లిన కొడుకు మర్నాడు రైలు పట్టాల మీద శవమై దొరికాడని. ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని 1993లో కోర్టు లక్షన్నర పరిహారం ఇప్పించింది. కస్టడీలో ప్రాణం పోతే ప్రభుత్వమే పరిహారం కట్టాలన్న సూత్రాన్ని మన దేశంలో గట్టిగా నిలబెట్టింది అదే. గొప్ప తీర్పే. కానీ ప్రతి తల్లీ సుప్రీంకోర్టు దాకా వెళ్లగలదా? మరోపక్క, పౌర, రాజకీయ హక్కుల ఒప్పందంలో అక్రమ అరెస్టుకు పరిహారం హక్కని చెప్పే 9(5) అధికరణ మాకు వర్తించదని 1979లో పెట్టిన అభ్యంతరాన్ని కేంద్రం ఇప్పటికీ వెనక్కి తీసుకోలేదు. దానికి ఇక అర్థం లేదని 1996లో డి.కె. బసు తీర్పులోనే సుప్రీంకోర్టు చెప్పేసింది.

6. నేరం చేసి విదేశాలకు పారిపోయినవాళ్లకు ఇది రక్షణ కవచం. ఇది వింతగా ఉంటుంది గానీ నిజం. 1995లో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియాలో విమానంలోంచి ఆయుధాలు జారవిడిచిన కేసులో ప్రధాన నిందితుడిని అప్పగించడానికి డెన్మార్క్ కోర్టులు 2011లో ఒకసారి, 2024లో మరోసారి ఒప్పుకోలేదు. ఇండియాలో హింసించే ప్రమాదం ఉందన్నది కారణం. 2025 ఫిబ్రవరిలో లండన్ హైకోర్టు కూడా పన్ను ఎగవేత, మనీ లాండరింగ్ ఆరోపణలున్న ఒక వ్యాపారి అప్పగింతను ఇలాంటి కారణాలతోనే ఆపేసింది. చట్టం లేకపోవడం అప్పగింతలకు అడ్డమవుతోందని లా కమిషన్ నివేదిక కూడా గుర్తించింది. కోట్లు మూటగట్టుకుని వెళ్లినవాడికి చిత్రహింసల భయం లండన్‌లో విడుదల తెచ్చిపెడుతుంది. సైకిల్ దొంగతనం కేసులో ఇరుక్కున్నవాడికి అదే భయం ఇక్కడ వీపు మీద అచ్చవుతుంది.

7. గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ ఎంపీలు దీన్ని కాస్త ఆగి చదవాలి. సౌదీ, యూఏఈ, కువైట్, ఖతార్, బహ్రెయిన్, ఒమన్ ఆరూ ఈ ఒప్పందంలో చేరాయి. షరతులు పెట్టుకున్నాయి, ఆచరణ ఎలా ఉందన్నది వేరే చర్చ. కానీ చేరాయి. అక్కడి జైల్లో మన మనిషిని కొడితే, ‘మీరు కట్టుబడ్డ ఒప్పందాన్ని మీరే ఉల్లంఘిస్తున్నారు’ అని ఒప్పంద సభ్యుడి హోదాలో అడిగే వీలు మనకు లేదు, మనం లోపల లేము కాబట్టి. పొరుగున పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్, మాల్దీవులు, అఫ్ఘానిస్తాన్ కూడా లోపలే ఉన్నాయి. దక్షిణాసియాలో బయట మిగిలింది మనమూ, భూటానూ.

8. ఫిర్యాదు చేసే చోటు కూడా బలహీనపడుతోంది. మన జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు ‘ఎ’ హోదా, అంటే పూర్తి స్థాయి గుర్తింపు, కొనసాగించే నిర్ణయాన్ని అంతర్జాతీయ గుర్తింపు కమిటీ 2023లో, 2024లో వాయిదా వేసింది. 2025 మార్చిలో ‘బి’కి తగ్గించాలని సిఫారసు చేసింది. హక్కుల ఉల్లంఘన మీద దర్యాప్తును పోలీసు అధికారుల చేత చేయించడం అది ఎత్తిచూపిన లోపాల్లో ఒకటి. రాష్ట్రాల సంగతి అడగనే వద్దు. తెలంగాణ కమిషన్‌లో 2022 చివర్లో ఖాళీ అయిన చైర్మన్ కుర్చీ 2025 దాకా ఖాళీగానే ఉంది. అన్నేళ్లు జనం అర్జీలు ఎవరికి ఇచ్చుకోవాలి?

ఇక వినిపించే అభ్యంతరాలు. పోలీసు శాఖ రాష్ట్రాలది, కేంద్రం చట్టం ఎలా చేస్తుందంటారు. రాజ్యాంగం 253వ అధికరణ తెరిచి చూడండి. అంతర్జాతీయ ఒప్పందాన్ని అమలు చేయడానికి పార్లమెంటు దేశం మొత్తానికీ చట్టం చేయవచ్చు, అంశం రాష్ట్ర జాబితాలో ఉన్నా సరే. సార్వభౌమాధికారానికి భంగమంటారు. ఈ ఒప్పందంలో బయటివాళ్లు వచ్చి విచారణ చేసే 20వ అధికరణను చేరేటప్పుడే వద్దనుకోవచ్చు. వ్యక్తులు నేరుగా సమితి కమిటీకి ఫిర్యాదు చేసే 22వ అధికరణ అసలు ఐచ్ఛికమే. అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లే నిబంధనకు కూడా మినహాయింపు పెట్టుకోవచ్చు. ఇవన్నీ వద్దనుకోవాలని నేను కోరడం లేదు. భయపడేవాళ్లకు కూడా దారి ఉందని చెబుతున్నాను, అంతే. అన్నట్టు, ‘మా ఇంటి విషయం’ అన్న వాదనను 1946లో మనమే ఓడించామని పైన రాశాను. ఇప్పుడు స్మట్స్ సీట్లో మనం కూర్చోవడం నాకు నచ్చడం లేదు.

పోలీసుల మనోస్థైర్యం దెబ్బతింటుందన్నది మూడోది. ఎక్కువగా వినిపించేదీ ఇదే. ఎనిమిది గంటల షిఫ్టు లేక, వారాంతపు సెలవు లేక, ఫోరెన్సిక్ రిపోర్టు నెలల తరబడి రాక, ‘రెండు రోజుల్లో కేసు తేల్చు’ అని పైనుంచి ఒత్తిడి వస్తే కింది ఉద్యోగి లాఠీనే దర్యాప్తు పరికరం చేసుకుంటాడు. చివరికి సస్పెండయ్యేది అతనే. ఒత్తిడి పెట్టిన పైవాళ్ల పేరు ఏ కాగితం మీదా ఉండదు. ఆదేశించినవాడినీ, తెలిసి ఊరుకున్నవాడినీ బాధ్యుడిని చేసే చట్టం నిజానికి కానిస్టేబుల్‌కు మేలు చేస్తుంది.

ఇదంతా ఎవరికో జరిగేదని అనుకోవద్దని కూడా మనవి. 2021 మేలో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక సిట్టింగ్ ఎంపీయే తనను కస్టడీలో కొట్టారని ఫిర్యాదు చేశారు. ఆయనకు సికింద్రాబాద్ ఆర్మీ ఆస్పత్రిలో పరీక్షలు చేయించడానికి సుప్రీంకోర్టు జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. అందులో నిజానిజాలు కోర్టులే తేలుస్తాయి. కానీ ఎంపీకి దొరికిన ఆర్మీ ఆస్పత్రి, సీనియర్ వకీలు ఒక హమాలీకి దొరకరు కదా.

మేము అడిగేవి ఇవి. మొదటగా, వచ్చే పార్లమెంటు సమావేశాల్లోనే స్టార్ గుర్తు ప్రశ్న, అంటే మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాల్సిన ప్రశ్న, వేయండి. ధ్రువీకరణకు గడువు ఏ తేదీ? లా కమిషన్ ముసాయిదా మీద ఏ రాష్ట్రం ఏమని జవాబిచ్చింది? మన రెండు రాష్ట్రాలూ ఏమన్నాయి? ‘సంప్రదింపులు జరుగుతున్నాయి’ అంటే సంప్రదింపుల కాగితాలు సభ ముందు పెట్టమనండి.

ప్రభుత్వం బిల్లు తేకపోతే మీలో ఒకరు ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టండి. గెలవదని నాకు తెలుసు. కానీ చర్చ రికార్డులోకి ఎక్కుతుంది, మంత్రి లేచి జవాబు చెప్పాల్సి వస్తుంది. ముసాయిదా సిద్ధంగానే ఉంది. అందులో మూడు విషయాలు వదులుకోవద్దు: మానసిక హింస కూడా చిత్రహింసే అన్న నిర్వచనం, గాయానికి జవాబు చెప్పుకోవాల్సింది కస్టడీలో ఉంచుకున్నవాడే అన్న భారం, బాధితుడికీ సాక్షులకూ రక్షణ. 2010 బిల్లులోలా ఆరు నెలల గడువు, ముందస్తు అనుమతి అనే తాళాలు మళ్లీ వేయనివ్వొద్దు.

విదేశాంగ వ్యవహారాల స్థాయీ సంఘంలో ఉన్నవాళ్లు ఇంకో రెండు సంగతులు అడగాలి. సమితి ప్రత్యేక ప్రతినిధులు ఎవరైనా ఎప్పుడైనా రావచ్చని 2011లో ప్రకటించాం. చిత్రహింసలపై ప్రత్యేక ప్రతినిధి 1993 నుంచి అనుమతి అడుగుతూనే ఉన్నా ఆ పర్యటన ఎందుకు జరగలేదు? 2007లో సంతకం చేసిన బలవంతపు అదృశ్యాల వ్యతిరేక ఒప్పందం కూడా ఎందుకు మూలన పడింది? మండలిలో తర్వాతి సమీక్షకు మన నివేదిక రాసేముందు ఈ జవాబులు కావాలి.

ఢిల్లీ దాకా వెళ్లకుండానే చేయగలిగిన పని కూడా ఒకటుంది. ప్రతి స్టేషన్లో లాకప్, వరండా, ఇన్‌స్పెక్టర్ గదితో సహా శబ్దం కూడా రికార్డయ్యే సీసీ కెమెరాలు ఉండాలని, ఆ ఫుటేజీని పద్దెనిమిది నెలలు, కుదరకపోతే కనీసం ఏడాది దాచాలని 2020 డిసెంబర్ 2న సుప్రీంకోర్టు ఆదేశించింది. దీన్ని చూసుకోవడానికి జిల్లా కమిటీలు కూడా ఉండాలంది. రాజస్థాన్‌లో ఎనిమిది నెలల్లో 11 మంది పోలీసు కస్టడీలో చనిపోయారన్న వార్త చూసి 2025 సెప్టెంబర్‌లో మళ్లీ అదే కోర్టు తనంతట తానే కేసు తీసుకోవాల్సి వచ్చింది. మీ నియోజకవర్గంలోని స్టేషన్లలో ఎన్ని కెమెరాలు పనిచేస్తున్నాయి, ఫుటేజీ ఎన్ని నెలలది ఉంది, జిల్లా కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది అని ఎస్పీకి ఒక్క లెటర్‌హెడ్ మీద రాయండి. మేం అడిగితే సమాచార హక్కు చట్టంలో మినహాయింపులు చూపిస్తారు. మీరు అడిగితే వారంలో కాగితం వస్తుంది.

ఈ లేఖ ప్రతిని అరవై మంది కార్యాలయాలకూ విడిగా పంపుతున్నాం. పార్లమెంటు సమావేశాలు మొదలయ్యే లోపు రాతపూర్వకంగా జవాబివ్వమని కోరుతున్నాం. ఒప్పుకోని వాళ్లు ఎందుకు ఒప్పుకోరో రాయండి, దాన్నీ గౌరవంగానే చదువుతాం. వచ్చిన జవాబులన్నీ ఒక్క అక్షరం మార్చకుండా బయటపెడతాం. ఎవరి దగ్గర నుంచి రాలేదో ఆ పేర్లు కూడా నియోజకవర్గాల వారీగా ప్రకటిస్తాం.

ఇట్లు,
జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తున్న ఒక న్యాయవాది